నూట ఇరవై డిగ్రీలు

సోమవారం ఉదయం తొమ్మిదింటికి డీటర్ హోల్వెగ్ బల్ల మీద బోర్లా పడుకుని, కుడి మోకాలు మడిచి, మడమను వీలైనంత వెనక్కి తెచ్చుకోవడానికి తంటాలు పడుతున్నాడు. మడమ సగం దారిలో ఆగిపోయింది. సుమతి అతని చీలమండ పట్టుకుని నెమ్మదిగా నొక్కింది. అతను రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. నోట్లోంచి చిన్న శబ్దం కూడా రాలేదు గానీ మెడ వెనక చెమట పట్టింది.

"చాలా?" అంది సుమతి.

"ఇంకొంచెం నొక్కండి. అరిచేది నేను కదా, మీకేం?"

"మీరు అరవరు. అదే నాకు భయం."

ఆమె ఇంకొంచెం నొక్కి, పదిదాకా లెక్కపెట్టి వదిలింది. తర్వాత రెండు ప్లాస్టిక్ చేతులున్న కోణం కొలిచే స్కేలు తీసి, ఒక చేతిని తొడ వెంబడి, ఒక చేతిని పిక్క వెంబడి ఆనించి, కళ్ళు చికిలించి చూసింది. నూట ఆరు.

"ఎంత?" అన్నాడు డీటర్, మొహం ఇంకా బల్లకి ఆనించే.

"నూట పది," అంది సుమతి.

అతను గబుక్కున లేచి కూచుని కార్డు ఇమ్మని చెయ్యి చాపాడు. ముప్ఫై మూడేళ్ళ మనిషి, ఆరడుగుల రెండంగుళాలు, ముక్కు రెండుసార్లు విరిగి రెండుసార్లూ వంకరగా అతికింది. జర్మనీలో పద్నాలుగేళ్ళు మొదటి డివిజన్ ఫుట్‌బాల్‌లో డిఫెండర్‌గా ఆడి, గోల్ వైపు వచ్చిన ప్రతివాడినీ కాళ్ళతోనో భుజంతోనో ఆపినవాడు. అలాంటివాడు ఆ కార్డులో పెన్నుతో రాసిన 110ని చూసి మార్కులొచ్చిన పిల్లాడిలా నవ్వాడు. ఆ నవ్వు కోసమే సుమతి నాలుగు డిగ్రీలు కలిపింది.

అది ఆమెకి పాత అలవాటు. హైదరాబాదులో పెద్దాసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసినప్పుడు, కట్టు విప్పాక చెయ్యి లేవడం లేదని ఏడ్చే ఆడవాళ్ళకి ఆమె ఎప్పుడూ నాలుగో అయిదో ఎక్కువే చెప్పేది. చెప్పిన అంకెని అందుకోవాలని మర్నాడు వాళ్ళే ఎక్కువ కష్టపడేవాళ్ళు, చెయ్యి లేచేది. అసలు లెక్క మరిచిపోకుండా కార్డు అడుగున మూల పెన్సిలుతో తెలుగు అంకెల్లో వేసుకునేది. ఇక్కడ టెక్సస్‌లో, ఈ జట్టు క్లినిక్‌లోనూ అదే చేస్తోంది. డీటర్ కార్డు మూల ౧౦౬ అని సన్నగా వేసింది. ఈ ఊళ్ళో అది చదవగలిగినవాడు ఆమె మొగుడు ఒక్కడే.

అక్కడ దాని వల్ల ఎవరికీ నష్టం జరగలేదు. ఎందుకంటే అక్కడ పెద్ద డాక్టరు కార్డుని నమ్మేవాడు కాదు. రౌండ్స్‌కి వచ్చినప్పుడు స్కేలు లాక్కుని తనే కొలిచి, "ఏమ్మా, కళ్ళు కనపడవా నీకు?" అని అందరి ముందూ తిట్టి, తన లెక్క తను రాసుకునేవాడు. తిట్లు సుమతికి, ధైర్యం పేషెంటుకి, నిజం డాక్టరుకి. అందరికీ సరిపోయేది.

ఇక్కడి లెక్క మాత్రం చిన్నది కాదు. ఏప్రిల్‌లో, సిమెంటు మీద పరిచిన ప్లాస్టిక్ గడ్డి మీద ఆడుతూ డీటర్ మోకాలు తిరిగిపోయింది. మేలో ఆపరేషన్ చేశారు. ఆగస్టు ఆఖరుకి కాలు నూట ఇరవై డిగ్రీలు మడిస్తే ఆటకి పనికొస్తాడని, మడవకపోతే జట్టు ఖర్చుతో రెండో ఆపరేషన్ చెయ్యాలని డాక్టరు రాశాడు. ఆటలో దెబ్బతిన్నవాడిని కాలు బాగయ్యేదాకా జట్టులోంచి తియ్యకూడదని కాంట్రాక్టు. ఈ గురువారమే ఆ డాక్టరు వచ్చి చూస్తాడు.

"ఇంకా పది," అన్నాడు డీటర్. "పది డిగ్రీలు ఏపాటి? నేను ఒకసారి విరిగిన పక్కటెముకతో తొంభై నిమిషాలు ఆడాను."

"మోకాలికి ఆ సంగతి తెలీదుగా," అంది సుమతి, ఐసు సంచీ కట్టి తువ్వాలు చుడుతూ.

మంగళవారం నూట ఎనిమిది. నూట పదిహేను రాసింది. ఇది కొంచెం ఎక్కువేనని ఆమెకీ తెలుసు. కానీ ఆ రోజు అతను చీలమండకి అయిదు పౌండ్ల ఇసుక సంచీ కట్టుకుని నలభై సార్లు కాలెత్తాడు. కిటికీ బయట, ఫ్రిస్కో వైపు పోయే రోడ్డు పక్కన మైదానంలో మిగతావాళ్ళు ప్రాక్టీసు చేస్తుంటే, అతను ఎత్తుతూనే తల తిప్పి చూసి, "ఆ కుర్రాడు లైను దాటి ముందుకొస్తున్నాడు. ఎవరైనా చెప్పండి వాడికి," అని గొణిగాడు. చెప్పేవాళ్ళు లేరు. నూటమూడు డిగ్రీల ఫారన్‌హీట్ ఎండలో అందరూ నీళ్ళ డబ్బా చుట్టూ మూగారు.

బుధవారం అతను పావుగంట ఆలస్యంగా వచ్చాడు. అలాంటిది ఎప్పుడూ జరగలేదు. వచ్చి బల్ల మీద పడుకోకుండా నిలబడ్డాడు.

"కారిడార్‌లో నా ఫోటో తీసేశారు," అన్నాడు.

ఆ ఫోటో సుమతికీ తెలుసు. తలుపంత పొడుగుండేది. 'గోడ' అని పెద్ద అక్షరాలు, కింద చేతులు కట్టుకుని నిలబడ్డ డీటర్. రెండేళ్ళ కిందట, పంతొమ్మిదొందల డెబ్భై ఎనిమిదిలో అతన్ని జర్మనీ నుంచి పిలిపించినప్పుడు పేపర్లలోనూ, రోడ్డు పక్క బోర్డుల మీదా వేసిందీ అదే. ఇప్పుడు అక్కడ డాలస్‌లోనే పుట్టిన పంతొమ్మిదేళ్ళ కుర్రాడి పళ్ళు మెరుస్తున్నాయి.

"రంగు వేస్తున్నారేమో," అంది సుమతి. అంటుంటేనే తన మాట తనకే చవకగా వినిపించింది.

"రంగు వెయ్యట్లేదు. చూశాను." అతను పడుకున్నాడు. ఆ రోజు నొక్కుతుంటే అతనిలో పట్టుదల లేదు. కాలు బరువుగా చేతిలో పడి ఉంది. ఆమె రెండుసార్లు కొలిచింది. నూట తొమ్మిది. దాని మీద ఒక్క డిగ్రీ కూడా లేదు.

"ఎంత?" అని అడగలేదు డీటర్ ఆ రోజు. గోడవైపే చూస్తున్నాడు.

సుమతి స్కేలు పక్కన పెట్టింది. ఎలాగూ రేపు డాక్టరు వస్తాడు, తనే కొలుస్తాడు, నూట తొమ్మిదే అంటాడు, రెండో ఆపరేషన్ రాస్తాడు. ఈ ఒక్కపూటా అయినా ఈ మనిషి కడుపునిండా తిని పడుకోనీ అనుకుంది. పెన్ను తీసి 120 రాసి కార్డు అతని మొహం ముందు పెట్టింది. మూల పెన్సిలుతో ౧౦౯ వేసింది.

డీటర్ కార్డు చూశాడు. తర్వాత బల్ల దిగి, గదిలో ఆ చివరినుంచి ఈ చివరికి నడిచాడు. కుడికాలు కొంచెం కూడా ఈడ్చలేదు. సుమతి చూస్తూ ఉండిపోయింది. అంకె కాలిని లాగుతుందని ఆమె ఎప్పుడూ నమ్మేది, ఇంత ఇదిగా లాగడం మాత్రం ఇదే చూడడం. తన తెలివికి తనే మురిసిపోయింది.

గురువారం డాక్టరు పదకొండున్నరకి వచ్చాడు. గోల్ఫుకి వెళ్ళే బట్టల్లో ఉన్నాడు. వెంట జట్టు మేనేజర్ డెన్నిసన్. డీటర్ బల్ల మీద కాళ్ళు వేలాడేసుకుని సిద్ధంగా కూచున్నాడు. సుమతి స్కేలు తుడిచి, డాక్టరుకి అందేలా ట్రేలో పెట్టింది.

డాక్టరు స్కేలు వంక చూడలేదు. కార్డు తీసుకుని అంకెలు పైనుంచి కిందికి చదివాడు. "నూట పది, నూట పదిహేను, నూట ఇరవై. బ్యూటిఫుల్," అన్నాడు. డీటర్ భుజం తట్టాడు. కార్డు కింద 'ఆటకు ఫిట్' అని రాసి సంతకం గీకాడు.

"డాక్టర్, మీరు ఒకసారి..." అంది సుమతి, ట్రే ముందుకు జరిపి.

"నీ కొలత మీద నాకు నమ్మకం ఉంది, సూ," అన్నాడు డెన్నిసన్. ఆమె పేరుని అతను మొదటిరోజే సగానికి కోసేశాడు. "నీ చేతుల్లో ఏదో మాయ ఉంది." కార్డు డాక్టరు చేతిలోంచి తీసుకుని వెళ్ళిపోయాడు.

మూడు నిమిషాలు పట్టిందేమో మొత్తం. సుమతి నోరు తెరిచే ఉంది. అందులోంచి మాట రావడానికి మూడు నిమిషాలు బోలెడు. రాలేదు. అందరి ముందు, ముఖ్యంగా డీటర్ ముందు, అది అబద్ధం అని ఎలా అనడం?

రెండింటికి డీటర్ తిరిగొచ్చాడు. చేతిలో అట్టపెట్టె. అందులో బూట్లు, మోకాలి పట్టీలు.

"నన్ను వదిలేశారు," అన్నాడు.

"అదేంటి?"

"దెబ్బ తగిలినవాడిని వదలకూడదు. ఫిట్ అయినవాడిని వదలొచ్చు. నేను ఫిట్." అతను నవ్వాడు. ఆ నవ్వులో కోపం కనపడకపోవడం చూసి సుమతి మరీ భయపడింది. దెబ్బ తగలగానే నొప్పి తెలియని వాళ్ళు ఇలాగే నవ్వుతారు. "మీ తప్పేం లేదు. మీరు బాగుచేశారు, వాళ్ళు వాడుకున్నారు. నాకు ఆ కార్డు కాపీ కావాలి, మిసెస్ సుమతి. ఇస్తారా?"

"దేనికి?"

"పనుంది."

కార్డు అప్పటికే ఫైల్లోకి తిరిగొచ్చింది. ఆమె జిరాక్స్ తీసిచ్చింది. అతను దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, జేబు మీద ఒకసారి తట్టి వెళ్ళాడు. ఆటగాళ్ళ యూనియన్‌కి వెళ్తాడు, లేకపోతే లాయర్ దగ్గరికి, అనుకుంది సుమతి. వెళ్తే ఈ కార్డుతోనే వాళ్ళు అతని నోరు మూయిస్తారు. 'నీ ఫిజియోథెరపిస్టే రాసిందిగా' అంటారు. రెండో ఆపరేషన్ లేకుండా ఆ కాలు ఏడాది తిరక్కుండా కొయ్యబారిపోతుందని ఆమెకి బాగా తెలుసు. కిందటేడు సరిగ్గా అలాంటి మోకాలే చూసింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఎండ ఇంకా వంటింటి కిటికీలోంచి కొడుతోంది. మొగుడు కృష్ణమోహన్ టేబుల్ దగ్గర ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ఆమె నిలబడే మొత్తం చెప్పింది.

"రేపు పొద్దున్నే వెళ్ళి చెప్పేస్తానండీ. రాసి ఇస్తాను. అసలు లెక్క ఇది అని."

అతను కత్తి పక్కన పెట్టాడు. "నీకేమైనా పిచ్చా సుమతీ? గ్రీన్ కార్డ్‌కి స్పాన్సర్ చేస్తోంది ఎవరు? ఆ క్లినిక్ ఎవరిది, ఆ టీమ్ ఎవరిది? రెండింటికీ ఒకడే ఓనర్. లెటర్ మీద సైన్ చెయ్యాల్సింది ఆ డెన్నిసన్. రికార్డ్ తప్పు రాశానని నువ్వే వెళ్ళి చెప్తే లైసెన్స్ తీసేస్తారు. నా వీసా నీ మీదే ఉంది కదా, ఇద్దరం ప్యాక్ చేసుకుని పోవడమే."

"ఆయన కాలు పోతుందండీ."

"ఆయన జర్మనీ వెళ్ళి చూపించుకుంటాడు. వాళ్ళ దేశంలో డాక్టర్లు లేరా?"

"నేను రాసిన అంకె వల్ల పోతోంది."

"నువ్వు మంచికే రాశావు."

"అందుకే ఊరుకోలేకపోతున్నాను," అంది సుమతి. ఉల్లిపాయల వల్లో దేనివల్లో ఇద్దరికీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కృష్ణమోహన్ లేచి చేతులు కడుక్కున్నాడు. తుడుచుకుంటూ, "ఇంగ్లీష్‌లో ఎలా రాస్తావో చూపించు, తప్పులుంటే చూస్తాను," అన్నాడు. మొగుడిలో ఈ గుణం ఉందని ఆమె మరిచిపోయి చాలా కాలమైంది.

శుక్రవారం తొమ్మిదింటికి డెన్నిసన్ గదిలో ఆమె కాగితం అతని ముందు పెట్టింది. పేజీ నిండా లేదు. తేదీలు, రాసిన అంకెలు, పక్కన అసలు అంకెలు, కింద 'ఈ తప్పు పూర్తిగా నాది' అని, సంతకం. కార్డు మూలలో పెన్సిలు గుర్తులు కూడా చూపించి ఏది ఎంతో చెప్పింది.

డెన్నిసన్ కాగితం నిదానంగా చదివాడు. పెన్సిలు అంకెల మీద వేలు పెట్టి, "ఇది మీ దేశం లెక్కా? బాగుంది చూడ్డానికి," అన్నాడు.

"ఆయన ఫిట్ కాదు, సర్. ఆయన్ని వెనక్కి తీసుకోవాలి. ఆపరేషన్ చేయించాలి."

"సూ, కూర్చో." అతను సొరుగులోంచి ఇంకో కాగితం తీసి ఆమెవైపు తిప్పాడు. అడుగున డీటర్ సంతకం ఉంది. "నిన్న మధ్యాహ్నం పెట్టాడు. నేను ఫిట్‌గా ఉన్నాను, జట్టు నాకేమీ చెయ్యనక్కర్లేదు, ఇకమీద ఏదీ అడగను అని. నేను బలవంతం చెయ్యలేదు. నోటీసు గడువు దాకా ఆగకుండా వెంటనే వెళ్ళిపోవడానికి ఒప్పుకోమని తనే అడిగాడు, దానికి బదులు ఇది రాయమన్నాను. సంతోషంగా రాశాడు."

"కార్డు చూసి నమ్మి రాశాడు!"

"మేమూ కార్డు చూసే నమ్మాం," అన్నాడు డెన్నిసన్. ఆమె కాగితాన్ని మడిచి తన సొరుగులో పెట్టాడు. "నువ్వు చేసింది సరైన పని. చాలామంది చెయ్యరు. ఇది నా దగ్గర ఉంటుంది. వెళ్ళి పని చూసుకో."

అంతే. తిట్టలేదు, తీసెయ్యలేదు. గది బయటికి వచ్చాక గోడకి ఆనుకుని నిలబడింది సుమతి. డీటర్‌కి ఏమీ ఒరగలేదని తెలిసి ఏడుపు రావాలి. వచ్చింది మాత్రం ఊపిరి. ఉద్యోగం పోలేదు. అంత హాయిగా ఊపిరి పీల్చుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది, ఆ అసహ్యంతోనే వెళ్ళి ఇంకో ఆటగాడి చీలమండకి పట్టీ చుట్టింది.

శనివారం ఆమె వచ్చేసరికి టేబుల్ మీద కవరు ఉంది. గ్రీన్ కార్డు అర్జీకి కావలసిన లెటరు, డెన్నిసన్ సంతకంతో. మూడునెలలుగా ఇవాళ రేపు అంటున్న లెటరు. 'అత్యంత నిజాయితీపరురాలు' అని ఒక వాక్యం కూడా కలిపాడు. దాని కింద చిన్న చీటీ: జట్టులో లేనివాళ్ళకి ఇకనుంచి ఈ గదిలో చికిత్స చెయ్యరాదు.

తొమ్మిదింటికి తలుపు తోసుకుని డీటర్ వచ్చాడు. ఏమీ మాట్లాడకుండా ఎప్పటిలాగే బూట్లు విప్పి, బల్ల ఎక్కి బోర్లా పడుకున్నాడు. సుమతి కవరుని ఫైలు కిందికి తోసింది.

"క్యాన్సస్‌లో ఇండోర్ జట్టు ఉంది," అన్నాడు డీటర్, మొహం బల్లకే ఆనించి. "హాల్లో, చెక్క గోడల మధ్య ఆడతారు. కోచ్ జర్మనీలో నా పక్కన ఆడినవాడు. కార్డు చూపించు, డాక్టరు చూడక్కర్లేదు అన్నాడు. రెండేళ్ళ కాంట్రాక్టు. వీసా కూడా వాళ్ళే. అందుకే ఇక్కడ సంతకం పెట్టేశాను. నిన్న నాలుగింటికి ఫోన్ చేసి వద్దన్నాడు."

సుమతి స్కేలు తియ్యబోయి ఆగింది.

"డెన్నిసన్ అక్కడి మేనేజర్‌కి ఫోన్ చేశాడట. స్నేహితులట. ఒక మేనేజర్ ఇంకో మేనేజర్‌కి చెప్పాల్సిన ధర్మమట. మీ కాగితం చదివి వినిపించాడు, మొత్తం, తేదీలతో సహా." అతను తల ఇటు తిప్పాడు. "నిజమేనా? నూట తొమ్మిదేనా?"

"నాకు క్యాన్సస్ సంగతి తెలీదు," అంది సుమతి. "మీరు లాయర్ దగ్గరికి వెళ్తారనుకున్నాను. మీ ఆపరేషన్ కోసమే... నా ఉద్యోగం పోతుందని తెలిసీ వెళ్ళాను, డీటర్. ఒట్టు."

"నూట తొమ్మిదేనా?"

"అవును."

అతను కాలు మడవడానికి ప్రయత్నించాడు. కొంచెం దూరం వచ్చి ఆగింది. ఇంకా లాగాడు. పిక్క వణికింది. బుధవారం ఇదే గదిలో కాలీడ్చకుండా నడిచింది ఇతనేనంటే ఎవరూ నమ్మరు.

"బుధవారం నుంచీ నొప్పి తెలియలేదు నాకు," అన్నాడు. "మీరు రాశారు కదా అని. నిన్న ఫోన్ పెట్టేశాక లేవబోతే కాలు రాలేదు." గొంతు పెరగలేదు. "ఈ మోకాలు ఎవరిది, మిసెస్ సుమతి?"

ఆమె తువ్వాలు అంచు సరిచేసింది.

"గురువారం ఈ బల్ల మీదే ఉన్నాను. మధ్యాహ్నం మీ ఎదుటే నిలబడ్డాను. నా మోకాలు నూట తొమ్మిది అని మీరు మీ ఆయనకి చెప్పి ఉంటారు. ఆ డెన్నిసన్‌కి చెప్పారు, రాసి మరీ ఇచ్చారు. నాకు చెప్పలేదు."

అది నిజం. ఒక రాత్రంతా నిద్రపోకుండా, భయపడుతూ, తెగించి, ధైర్యం చేసి, ఇంగ్లీషులో తప్పుల్లేకుండా రాసి, ఆమె చెప్పాల్సిన ఒక్క మనిషికి తప్ప అందరికీ చెప్పింది. అతనికే చెప్పాలని సుమతికి తట్టనే లేదు. ఇన్నేళ్ళ పనిలో పేషెంటుకి ధైర్యమే చెప్పింది గానీ నిజం ఎప్పుడూ చెప్పలేదు. నిజం పెద్దవాళ్ళకి చెప్పేదని ఆమె చేతులకే అలవాటైపోయింది.

"క్షమించండి," అంది.

డీటర్ మళ్ళీ మొహం బల్లకి ఆనించాడు. "సరే. నొక్కండి. పదిదాకా లెక్కపెట్టి కొలవండి. ఈసారి ఉన్నదే చెప్పండి. ఎక్కడికెళ్ళినా ముందు అది తెలియాలి నాకు."

సుమతి అతని చీలమండ మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది, లోపల వాచింది. అప్పుడే అద్దం తలుపు అవతల కారిడార్‌లో డెన్నిసన్ ఎవరితోనో నవ్వుతూ వచ్చి ఆగాడు. లోపలికి చూశాడు. ఆమెని, బల్ల మీది మనిషిని చూసి, చేతిగడియారం ఒకసారి చూసుకుని, అక్కడే నిలబడ్డాడు.

ఫైలు కింద కవరు అంచు కనపడుతోంది. కృష్ణమోహన్ ఈపాటికి లెటరు కబురు కోసం ఇంట్లో ఫోన్ పక్కనే కూచుని ఉంటాడు. నిన్న తెగించిన సుమతి ఇవాళ తనలో ఎక్కడుందా అని వెతుక్కుంది. నిన్న పోగొట్టుకోవడానికి సిద్ధపడింది చేతికి రాని లెటరు. ఇవాళ అది చేతికొచ్చింది.

ఆమె చెయ్యి తీసేసింది.

"డీటర్," అంది, గొంతు వీలైనంత మెత్తగా చేసుకుని, "మీరు బల్ల దిగాలి. జట్టువాళ్ళకే అని రూలు పెట్టారు."

అతను రెండు చేతులూ బల్లకి ఆనించి లేచి, ముందు ఎడమకాలు దింపి, కుడికాలిని చేత్తో పట్టుకుని కిందికి తెచ్చుకున్నాడు. బూట్లు తొడుక్కోవడానికి వంగలేక వాటిని చేత్తోనే పట్టుకున్నాడు. తను పడుకున్న తువ్వాలుని తీసి, అంచులు కలిపి మడతపెట్టి, బల్ల చివర పెట్టాడు. సుమతి తలుపు తెరిచి పట్టుకుంది.